పిల్లి తట్టకి చోటు

ఆదివారం పొద్దున్నే కాఫీలు కాగానే ఇంట్లోవాళ్లు నలుగురూ హాల్లో కూర్చున్నారు. పిల్లి దొడ్డికి కూర్చునే తట్ట ఎక్కడ పెట్టాలో తేల్చాలి. ఎవరి కోసం ఇంత తతంగమో ఆ పిల్లి మాత్రం రాలేదు. ఇస్త్రీ చేసి పెట్టిన బట్టల మీద వెల్లకిలా పడుకుని ఉంది.

దాన్ని తట్ట అన్నది అత్తగారు. మనవరాలు ‘ట్రే’ అని దిద్దీ దిద్దీ ఊరుకుంది. నీలం రంగు ప్లాస్టిక్కుది, రెండడుగుల పొడవు. అందులో బూడిద రంగు మట్టి గుళికలు పోస్తారు. పిల్లి వెళ్లి పని కానిచ్చుకుని, కాళ్లతో కప్పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చేస్తుంది. తడి తగిలిన చోట గుళికలు ఉండ కడతాయి. చిల్లుల గరిటెతో ఆ ఉండలు ఏరి పారెయ్యాలి. పిల్లిని తెచ్చిన రోజున, "ఏరేది నేనే, ఎత్తేది నేనే, మీరు వేలు కూడా పెట్టక్కర్లేదు" అని ఆ మనవరాలే, కోడలి కూతురు, తల్లి చేతిలో చెయ్యేసి చెప్పింది. మూడో రోజు నుంచి ఏరుతున్నది కోడలు. మసి అని ముద్దుగా పేరు పెట్టడం ఒక్కటే కూతురు చేసిన పని.

నిన్నటిదాకా తట్ట బాత్‌రూములో ఉంది. నిన్న సాయంత్రం చిందిన గుళికల మీద కాలేసి అత్తగారు జారింది. గోడ అందింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి అందరూ ఆసుపత్రిలో ఉండేవాళ్లు.

"ఇది పెద్ద సమస్యేం కాదు" అన్నాడు కోడలి మొగుడు. అతను సర్వేయరు. ఊళ్లోవాళ్ల స్థలాలు కొలిచి హద్దు రాళ్లు పాతించడం ఉద్యోగం. టేపు తెచ్చి ముందు తట్టని కొలిచాడు, తర్వాత కాగితం మీద ఇంటి ప్లాను గీశాడు. ఒక్కొక్క గదికీ ఇంటూ మార్కు కొట్టుకుంటూ వచ్చాడు. "వంటిల్లు కుదరదు. బాత్‌రూం, అమ్మ జారింది. బాల్కనీలో నా సైకిలుంది."

అది కదలని సైకిలు. ఒళ్లు తగ్గడానికి కొన్నాడు. మొదటి వారం తొక్కాడు, అప్పటినుంచి దానిమీద తువ్వాళ్లు ఆరుతున్నాయి.

"ఆ సైకిలు ఎవరు తొక్కుతున్నారండీ?" అంది కోడలు.

"తొక్కుతాను. కాస్త పని ఒత్తిడి తగ్గనీ."

"పోనీ మన అమ్మాయి గదిలో పెడదాం. దాని పిల్లే కదా."

"నేను చదువుకునే చోట కంపు పెడతావా అమ్మా!" అంది కూతురు. "అయినా నెట్‌లో చూశాను. ప్రశాంతంగా ఉండాలట, గాలి రావాలట, జనం తిరగకూడదట. మాటిమాటికీ చోటు మార్చకూడదట, దానికి మనసు పాడవుతుందట."

"ఆ వసతులన్నీ నాకూ కావాలే" అంది కోడలు. ఎవరూ నవ్వలేదు. "సరే, చుట్టాల గదిలో పెడితే?"

"చుట్టాలొస్తే?" అన్నాడు సర్వేయరు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది. ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. ఇంట్లో అన్నిటికన్నా మంచి గది అది. తూర్పు కిటికీ, విడిగా బాత్‌రూము, పెద్ద డబుల్ కాటు. పరుపు మీద కొన్ననాటి ప్లాస్టిక్కు కవరు ఇంకా అలాగే ఉంది. బీరువా అరల్లో వార్తాపత్రికలు పరిచి ఉంటాయి, వాటి మీద ఏమీ ఉండదు. వారానికోసారి కోడలు ఊడ్చి, తుడిచి, తలుపు దగ్గరికేస్తుంది.

సర్వేయరు పెన్సిలు ప్లాను మీద ఇంకా తిరుగుతోంది. హాలు చివర, కిటికీ దగ్గర ఆగింది. గుండ్రంగా సున్నా చుట్టాడు. "ఇదిగో, ఇక్కడ ఖాళీ."

"అక్కడ నేను పని చేసుకుంటాను" అంది కోడలు.

"బల్ల మీద చేసుకుంటావు. బల్ల కింద ఖాళీయే కదా."

"కింద నా కాళ్లుంటాయి!"

"కాస్త పక్కకి పెట్టుకో" అన్నాడు అతను, చాలా మంచిగా. సమస్య తేలిపోయిందని టేపు చుట్టేశాడు.

*

కోడలు చేసేది రఫూ పని. బట్టకి చిల్లు పడితే, ఆ బట్టలోంచే పోగులు లాగి, చిల్లు మీద మళ్లీ నేత నేస్తుంది. నాలుగు వీధుల అవతల లాండ్రీ ఆయన పంపిస్తాడు. అతుకు వెయ్యడం వేరు, రఫూ వేరు. అతుకు కనబడుతుంది. రఫూ కనబడితే అది రఫూ కాదు. ఇంట్లోవాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు కాబట్టే కాబోలు, ఆవిడ పని ఎవరికీ కనబడదు. "అమ్మ ఇంట్లో ఖాళీగానే ఉంటుంది" అని కూతురు ఫోన్లో స్నేహితులతో చెప్పడం రెండుసార్లు వింది.

సోమవారం బల్ల మీదికి వచ్చింది ఒక గోధుమ రంగు ఉన్ని కోటు. ఎడమ మోచేతి దగ్గర బటానీ గింజంత కాలిన చిల్లు. కోటు తిరగేసి, లోపలి మడత విప్పి, ఒక్కొక్క పోగే లాగి తెల్ల కాగితం మీద వరసగా పేర్చుకుంది. చిల్లు అంచున మాడిన పీచు కత్తిరించింది. సన్న సూదిలో పోగు ఎక్కించి మొదటి వరస మొదలుపెట్టింది. రెండు పోగులు పైన, రెండు కింద. పక్క వరసలో ఒక్క పోగు జరగాలి. లెక్క తప్పితే మళ్లీ మొదటికి రావాలి. ఊపిరి కూడా ఆచితూచి పీల్చుకోవాల్సిన పని.

ఏడో వరసలో ఉండగా మసి వచ్చింది. తోక నిటారుగా ఎత్తి, తాసీల్దారు ఆఫీసుకి వచ్చినంత దర్జాగా వచ్చి తట్టలో దిగింది. ఒక మూల తవ్వింది. అది నచ్చలేదు. ఇంకో మూల తవ్వింది. గుళికలు లేచి కోడలి పాదాల మీద పడ్డాయి, చీర కుచ్చిళ్లలో పడ్డాయి, ఒకటి వచ్చి కోటు చేతి మీద వాలింది. తర్వాత కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత వాసన.

"ఇంత తవ్వితే బావి పడేది కదే నీ మొహం మండా!" అంది కోడలు. పిల్లి ఆవిడ వైపు చూస్తూ తాపీగా పని ముగించింది. ఎన్నో వరసలో ఉందో మర్చిపోయింది కోడలు. పోగులన్నీ విప్పి మళ్లీ మొదలుపెట్టింది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పింది. సర్వేయరు సగం విన్నాడు. అతనికి అన్నం దగ్గర ఉద్యోగం కబుర్లు చెప్పడం అలవాటు. ఆ రోజు ఎవరి స్థలమో పక్కవాడు రెండు గజాలు లోపలికి జరిగి గోడ కట్టేశాడట. "ఎన్నిసార్లు చెప్పినా జనానికి బుద్ధి రాదు. స్థలాన్ని ఖాళీగా వదిలేస్తే ఎవడో ఒకడు ఆక్రమిస్తాడు. ముందు ఎవరు ఉంటే వాడిదే స్వాధీనం" అన్నాడు. ఈ మాట అతను వారానికి నాలుగుసార్లయినా అంటాడు. నోట్లో ముద్ద పెట్టుకుంటూ అత్తగారు కూడా పెదాలతో ఆ మాటే పలుకుతుంది, మనవరాలు చూసి కిసుక్కున నవ్వుతుంది.

మంగళవారం మధ్యాహ్నం లాండ్రీ ఆయన స్వయంగా వచ్చాడు. చేతిలో ఒక ప్యాంటు. అంతకు ముందు సాయంత్రం కోడలు చేసిచ్చినదే. గుమ్మంలోనే నిలబడి, ఎలా చెప్పాలో తెలియక జేబులు తడుముకున్నాడు.

"నీ చేతిపనికి వంక పెట్టనమ్మా. చిల్లు ఎక్కడుందో ప్యాంటు తాలూకు ఆయనకీ దొరకలేదు, నాకూ దొరకలేదు. కానీ ప్యాంటు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం అటు తిప్పుకున్నాడు. చిల్లు పోయింది, కంపొచ్చింది. ఏం చెప్పమంటావు?"

కోడలు ప్యాంటు అందుకుని వాసన చూసింది. చెంపలు వేడెక్కాయి. ఇరవయ్యేళ్లలో ఒక్క బట్ట వెనక్కి రాలేదు.

"మళ్లీ ఉతికిస్తాను, అది నేను చూసుకుంటాలే. కోటు మాత్రం గురువారం సాయంత్రానికి కావాలి. దానికీ ఇదే వాసనొస్తే..." అతను మాట మింగాడు. "ఇంకొకావిడ ఉంది, ఈ పని తనకిమ్మని అడుగుతోంది. ఇన్నేళ్లూ నేనే వద్దంటున్నాను."

సర్వేయరు ఇంటికొచ్చి చెప్పులు విప్పేలోపే కోడలు విరుచుకుపడింది. "రేపట్నుంచి ఆ తట్ట నా బల్ల కింద ఉండదు. ఉంటే నేను ఉండను."

"ఉన్నపళంగా అలా అంటే ఎలా? మరెక్కడ పెడతావు, నువ్వే చెప్పు."

ఎక్కడని చూస్తుంది? మళ్లీ అవే గదులు, అవే ఇంటూ మార్కులు. కోపంలో కళ్లు ఇల్లంతా తిరిగి హాలుకీ వంటింటికీ మధ్య ఉన్న నడవలో ఆగాయి. నడవలో అత్తగారి మడతమంచం ఉంది. దాని మీద కూర్చుని ఆవిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది.

"అత్తయ్యగారి మంచం కింద పెట్టండి" అంది కోడలు. "పగలంతా అక్కడ ఖాళీయే. ఆవిడకి మాత్రం పనేముంది, ఖాళీగానే ఉంటారు. ఆ ఉండలేవో ఆవిడే ఏరతారు. నా ఉద్యోగం ఊడేదాకా వచ్చింది ఇక్కడ!"

అనేశాక నాలుక కాస్త కరుచుకుంది. అత్తగారు చేతిలో దుప్పటి నాలుగు మూలలూ కలిపి, మడత పెట్టి, పక్కన పెట్టింది.

"అలాగే పెట్టండి. నాకేం ఇబ్బంది?" అంది.

అమ్మయ్య అనుకుంది కోడలు. తట్ట నడవలోకి వెళ్లింది. బల్ల కింద రెండుసార్లు ఫినాయిలు వేసి తుడిచి, కోటుని బాల్కనీలో ఆ కదలని సైకిలు మీద గాలికి ఆరేసింది. గెలిచినట్టే ఉంది.

*

బుధవారం పని బాగా సాగింది. కోటు వాసన చాలావరకు పోయింది. పదకొండింటికి చిల్లు సగం పూడింది. మధ్యమధ్య బాత్‌రూములోంచి బకెట్టు చప్పుడు, మగ్గుతో నీళ్లు పోస్తున్న చప్పుడు వినబడుతున్నాయి. అత్తగారు ఏదో ఉతుక్కుంటోంది కాబోలని కోడలు తల ఎత్తలేదు. పాదాల కింద తడి తగిలాక ఎత్తింది. బూడిద రంగు నీళ్లు నడవలోంచి హాల్లోకి నిదానంగా వస్తున్నాయి.

కోటు బల్ల మధ్యకి తోసి పరిగెత్తింది. బాత్‌రూములో అత్తగారు పీట వేసుకుని కూర్చుని ఉంది. ఒక చేతిలో జల్లెడ, ముందు బకెట్టు. బకెట్టులో సిమెంటు కలిపినట్టు బూడిద రంగు ముద్ద. ఆవిడ మోచేతుల దాకా అదే ముద్ద. తూము మీద మడుగు కట్టింది.

"ఏం చేస్తున్నారత్తయ్యా!"

"ఇసుక కడుగుతున్నానమ్మాయ్. కొత్తది కొనాలని నువ్వు అంటుంటే విన్నాను. కడిగి ఎండలో ఆరబోస్తే మళ్లీ పనికొస్తుంది కదా అని. ఇదేం ఇసుకో, కడిగినకొద్దీ జిగురొస్తోంది. నీళ్లు పోసేకొద్దీ ఉబ్బుతోంది."

"అది ఇసుక కాదు! తడి తగిలితే గట్టిపడ్డానికే దాన్ని అలా తయారుచేస్తారు! నీళ్లు పొయ్యకూడదు దానిమీద! ఎవరు కడగమన్నారు మిమ్మల్ని?"

అత్తగారు జల్లెడ కింద పెట్టింది. "ఎవరూ అనలేదు. నువ్వు పనిలో ఉన్నావు. నేను ఖాళీయే కదా, పోనీ నేనైనా చేద్దామని..."

ఆ మాటలో దెప్పు లేదు. దెప్పు ఉంటే ఎంత బాగుండేది, తిరిగి రెండు అని ఊరుకునేది. కోడలు నోటిదాకా వచ్చినవన్నీ అక్కడే ఉండిపోయాయి. "లేవండి, జారతారు" అని చెయ్యి అందించి, ప్లంబరుకి ఫోను చేసింది.

ప్లంబరు గంటలో వచ్చాడు. తూములో వేలు పెట్టి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "కుమ్మరి పని మొదలెట్టారా అమ్మా?" అన్నాడు. ఇక్కడ పొడిచి లాభం లేదట. రెండు బాత్‌రూముల గొట్టాలూ కలిసే చోటు చుట్టాల గది బాత్‌రూములో ఉందట. అక్కడ మూత విప్పాలి.

"ఈ మంచం కాస్త జరపండి, పొడుగు కడ్డీ పట్టదు" అన్నాడు నడవలో నిలబడి.

అత్తగారు గబగబా వచ్చి మంచం మీదున్న సూట్‌కేసు దించబోయింది. పాత రెక్సిను సూట్‌కేసు, బరువైనది. కోడలు అందుకుంది. "ఇది మంచం మీదికెందుకొచ్చింది?"

"కింద తట్టుంది కదమ్మా."

"రాత్రి పడుకున్నప్పుడు?"

"కాళ్ల దగ్గరే ఉంచుకున్నాను. నేను ముడుచుకునే పడుకుంటాను, సరిపోతుంది."

కోడలు సూట్‌కేసు పట్టుకుని అలాగే నిలబడింది. అత్తగారు ఈ ఇంటికొచ్చి రెండేళ్లయింది. రెండేళ్లుగా ఆవిడ రోజూ ఆ పెట్టెలోంచి చీర తీసి, ఉతికిన చీర అందులోనే పెట్టుకుంటోంది. రోజూ చూస్తూనే ఉంది కోడలు. ఆవిడ వచ్చిన రోజున మంచం ఎక్కడ వెయ్యాలని ఇలాగే నలుగురూ కూర్చున్నారు. చుట్టాల గది మాట రాగానే "చుట్టాలొస్తే?" అన్నాడు సర్వేయరు. "నడవ ఖాళీగానే ఉంది కదా" అన్నది మాత్రం అతను కాదు. ఆ గొంతు తనదే. ఆదివారం నుంచి ఇంటిల్లిపాదినీ తిట్టుకున్న తిట్లన్నీ వరసగా వెనక్కి వచ్చి తగులుతుంటే కోడలికి నిజంగా సిగ్గేసింది. తలెత్తి అత్తగారి మొహంలోకి చూడలేకపోయింది.

చుట్టాల గదిలోంచి ప్లంబరు కేకేశాడు. "అమ్మా, ఈ గదిలో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. చుట్టాల కోసం."

"ఎవరొచ్చారు?"

కోడలు ఆలోచించింది. ఒకసారి సర్వేయరు పెదనాన్న కొడుకు వస్తానన్నాడు, రాలేదు. 

"ఈ గదిలోకి నేను రావడం ఇది మూడోసారి" అన్నాడు ప్లంబరు కడ్డీ తిప్పుతూ. "నన్ను మించిన చుట్టం మీకు లేడన్నమాట."

తూము ఒక్కసారి గుటక వేసినట్టు చప్పుడు చేసింది. నడవలో నీళ్లు వెనక్కి తగ్గాయి.

*

ప్లంబరు వెళ్లాక కోడలు నేల కడిగి తుడిచింది. తర్వాత చుట్టాల గదిలోకి వెళ్లి, పరుపు మీద ప్లాస్టిక్కు కవరు అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది. చర్రుమని చిరిగింది. ఆ చప్పుడుకి అత్తగారు కంగారుపడి వచ్చింది.

"అత్తయ్యా, నా బల్ల ఆ చివర కాస్త పట్టుకోండి" అంది కోడలు.

"ఎక్కడికే?"

"ఈ కిటికీ దగ్గరికి. నాకు వెలుగు కావాలి. మీకు మంచం కావాలి."

"వాడేమంటాడో..."

"ముందు పట్టుకోండి."

ఇద్దరూ బల్ల మోశారు. తలుపు దగ్గర పక్కకి తిప్పి, ఒక కాలు ముందు దూర్చి, గోడ సున్నం గీసుకుపోతుండగా లోపలికి తెచ్చారు. కాలేజీ నుంచి వచ్చిన కూతురు నోరు తెరుచుకుని చూస్తుంటే, దానితో మడతమంచం మడిపించి అటక మీదికి ఎక్కించారు. నడవ బోసిపోయింది. ఆ బోసి చోట, వంటింటికి ఎడంగా, గాలి వచ్చే మూలన నీలం తట్ట ఒక్కటే మిగిలింది. కోడలు చిల్లుల గరిటె కూతురి చేతిలో పెట్టింది.

"నేనా?"

"చేతిలో చెయ్యేసి చెప్పింది నువ్వేగా."

సర్వేయరు పొద్దువాలాక వచ్చాడు. హాల్లో బల్ల లేదు. నడవలో మంచం లేదు. చుట్టాల గదిలో లైటు వెలుగుతోంది. గుమ్మంలో నిలబడ్డాడు. డబుల్ కాటు మీద తల్లి కాళ్లు బారజాపి కూర్చుని ఉంది. కిటికీ దగ్గర భార్య సూదిలో పోగు ఎక్కిస్తోంది.

"ఏమిటిదంతా? చుట్టాలొస్తే?"

కోడలు సమాధానం నాలుగు రకాలుగా సిద్ధం చేసి పెట్టుకుంది. ఒక్కటీ అక్కర్లేకపోయింది.

"స్థలాన్ని ఖాళీగా వదిలేస్తే ఎవరో ఒకరు ఆక్రమిస్తారని రోజూ అన్నం దగ్గర చెప్తావు కదరా" అంది అత్తగారు. "ఆక్రమించాం."

వెనకనుంచి కూతురు పగలబడి నవ్వింది. సర్వేయరు ఏదో అనబోయి, ఆ మాట తనదే కావడంతో మానేశాడు. వెనక్కి వెళ్లి నడవలో తట్ట దగ్గర నిలబడ్డాడు. అలవాటు చొప్పున టేపు తీసి గోడకీ తట్టకీ మధ్య కొలిచాడు. మసి వచ్చి, అతను అడ్డం లేచేదాకా ఆగి, తట్టలో దిగింది.

అయినా ఆ రాత్రి అత్తగారు సూట్‌కేసు విప్పలేదు. మంచం పక్కన గోడకి ఆనించి, చెయ్యి చాస్తే అందేలా పెట్టుకుని పడుకుంది. కోడలు చూసింది. రెండేళ్ల అలవాటు ఒక్క పూటలో పోదు, పొమ్మని తను చెప్పడం ఏమీ బాగుండదు.

గురువారం తూర్పు వెలుగులో ఆఖరి వరస పూర్తయింది. పోగుల కొసలు లోపలికి దోపి, తడి గుడ్డ కప్పి ఇస్త్రీ పెట్టె ఆనించింది. సాయంత్రం వచ్చిన లాండ్రీ ఆయన కోటు అందుకుని ముందు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, తర్వాత కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. చెయ్యి రెండుసార్లు తిరగేశాడు.

"ఎక్కడ చేశావమ్మా?"

"ఎక్కడో చేశాను" అంది కోడలు. అతను కోటు మడతపెట్టి, సంచిలోంచి ఇంకో మూడు బట్టలు తీసి ఇచ్చి వెళ్లాడు.

అవి పట్టుకుని గదిలోకి వచ్చేసరికి బీరువా తెరిచి ఉంది. అత్తగారు నేల మీద సూట్‌కేసు ముందు కూర్చుని ఒక్కొక్క చీరే తీసి, వార్తాపత్రిక పరిచిన అరలో పెడుతోంది. చీరలు అయ్యాక కళ్లజోడు పెట్టె, దువ్వెన, మాత్రల డబ్బా. అన్నీ పెట్టాక ఒకసారి వెనక్కి జరిగి అరని చూసుకుంది. పెట్టెలో అట్టడుగున పరిచిన గుడ్డ తప్ప ఏమీ మిగల్లేదు. మసి ఎక్కణ్నుంచో వచ్చి అందులోకి దూకి చుట్ట చుట్టుకుంది.

"ఇది ఖాళీ అయిపోయిందే అమ్మాయ్" అంది అత్తగారు, పిల్లితో సహా పెట్టెని చూపిస్తూ. "దీన్నెక్కడ పెడదాం?"

ఆ ప్రశ్న ఈ వారంలో ఎన్నిసార్లు విందో. కోడలు బల్ల ముందు కూర్చుని కొత్త బట్ట తిరగేసింది.

"మీ ఇష్టం అత్తయ్యా" అంది. "మీ గదే కదా."